కొత్త దేశం, కొత్త పార్ట్‌నర్: జంప్ బిడ్ సంగతి ముందు తేల్చుకోండి

హైదరాబాద్‌లో బ్రిడ్జ్ పేకాట నేర్చుకుని, బయటి దేశంలో క్లబ్బు టేబుల్ దగ్గర కూర్చోబోతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ నాలుగు ముక్కలు. క్లబ్బు ఎక్కడుంది, ఫీజు ఎంత, బిడ్డింగ్ బాక్స్ ఎలా వాడాలి లాంటివి నేను రాయను. అవి మొదటి సాయంత్రమే వచ్చేస్తాయి. తొందరగా రానిది ఒక్కటే: పార్ట్‌నర్ అవసరమైన దానికంటే ఒక మెట్టు ఎగిరి బిడ్ చేస్తే (అదే జంప్ బిడ్) అది బలమా, బలహీనతా? దాని మీద పాస్ అనొచ్చా, కూడదా?

మొన్న ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఒకబ్బాయి బోల్తా పడిన చెయ్యి ఇది. స్పేడ్స్‌లో రాజు, ఏడు, రెండు. హార్ట్స్‌లో రాణి, పది, ఎనిమిది, అయిదు. డైమండ్స్‌లో ఆసు, ఆరు, నాలుగు. క్లబ్స్‌లో జాకీ, ఏడు, మూడు. మొత్తం 10 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1). పార్ట్‌నర్ వన్ హార్ట్ (హార్ట్స్ తురుపుగా ఆరు పైన ఒక ట్రిక్కు) అన్నాడు, ఇతను త్రీ హార్ట్స్ అన్నాడు. 15 పాయింట్లు పట్టుకున్న పార్ట్‌నర్ నిమ్మళంగా పాస్ అనేశాడు. పది ట్రిక్కులు వచ్చాయి. వల్నరబుల్‌లో (బోనస్, జరిమానా పెద్దవయ్యే బోర్డులో) ఫోర్ హార్ట్స్ చెప్పి చేస్తే 620, త్రీ దగ్గర ఆగితే 170. 450 తేడా అంటే టీమ్ మ్యాచ్‌లో 10 ఇంప్స్ (అక్కడి స్కోరు పాయింట్లు).

తప్పు ఎవరిది? ఇద్దరిదీ కాదు, అడక్కపోవడానిది. ఆ త్రీ హార్ట్స్‌కి కనీసం మూడు అర్థాలున్నాయి. లిమిట్ రెయిజ్ (రెయిజ్ అంటే పార్ట్‌నర్ సూట్‌నే పెంచడం) ఆడేవాళ్ళకి నాలుగు తురుపు ముక్కలు, 10 నుంచి 12 పాయింట్లు, గేమ్‌కి (పెద్ద బోనస్ వచ్చే కాంట్రాక్టు, ఇక్కడ ఫోర్ హార్ట్స్) ఆహ్వానం. పాత గోరెన్ పద్ధతిలో 13కి పైన, పాస్ అననే కూడదు. బెర్గెన్ రెయిజ్‌లు ఆడేవాళ్ళకి నాలుగు తురుపు ముక్కలు, 0 నుంచి 6, ఎదుటివాళ్ళ దారికి అడ్డం పడటానికి వేసే బిడ్. అదే 10 పాయింట్ల చెయ్యితో వాళ్ళు త్రీ డైమండ్స్ అంటారు, 7 నుంచి 9 అయితే త్రీ క్లబ్స్. ఇతను మొదటి అర్థంలో చెప్పాడు, అతను మూడో అర్థంలో విన్నాడు. ఇది తిరగబడితే ఇంకా ఘోరం. మీరు 3 పాయింట్లతో అడ్డం పడదామని ఎగురుతారు, పార్ట్‌నర్ ఆహ్వానం అనుకుని నాలుగుకి వెళతాడు, ఎదుటివాళ్ళు డబుల్ (జరిమానా పెంచే మాట) కొడతారు. వల్నరబుల్‌లో రెండు డౌన్ అంటే 500 సమర్పయామి.

సికింద్రాబాద్‌లో పదేళ్ళు ఒకే మనిషితో ఆడినవాళ్ళకే ఈ జబ్బు ఎక్కువ. అర్థం నోటితో చెప్పుకుని ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తుండదు. “స్టాండర్డే కదా ఆడతారు?” అని అడిగి ఊరుకుంటారు. అలా అడక్కండి బాబూ! అమెరికాలో స్టాండర్డ్ అంటే అయిదు ముక్కల మేజర్లు (స్పేడ్స్, హార్ట్స్), 15–17 నో ట్రంప్ (తురుపు లేని ఆట). ఇంగ్లండ్‌లో ఎకాల్ (అక్కడి బిడ్డింగ్ పద్ధతి) ఆడేవాళ్ళు నాలుగు ముక్కలతోనే మేజర్ తెరుస్తారు, వాళ్ళ వన్ నో ట్రంప్ 12–14. ఇక్కడి అలవాటుతో 10 పాయింట్లు పెట్టుకుని ఆ 12 మీద త్రీ నో ట్రంప్‌కి ఎగిరితే రెండు చేతులూ కలిపి 22. ఆ 22తో తొమ్మిది ట్రిక్కులు ఎక్కణ్ణుంచి తెస్తారు?

టేబుల్ దగ్గర పది నిమిషాలే దొరికితే వరసగా ఇవి అడగండి. మేజర్ మీద మూడుకి రెయిజ్ ఏమిటి? మధ్యలో ఎదుటివాడు డబుల్ అంటే అదే రెయిజ్ ఏమవుతుంది? (చాలామందికి బలహీనం. సపోర్టుతో 10, ఆపైన ఉంటే టూ నో ట్రంప్ అంటారు.) డబుల్ లేనప్పుడు వన్ హార్ట్ మీద టూ నో ట్రంప్ జాకోబీనా (తురుపుకి సపోర్టు, గేమ్ దాకా ఆగకూడదు), మామూలు 11–12 చెయ్యా? ఎదుటివాళ్ళు తెరిచాక మన జంప్ ఓవర్‌కాల్ ఆరు ముక్కల బలహీనమైన చెయ్యా, ఓపెనింగ్ బలం ఉన్నదా? ఈ నాలుగూ తేలితే సగం గండం గడిచినట్టే.

కొత్త సూట్‌లోకి ఎగరడం అసలు తంటా. వన్ డైమండ్ మీద టూ స్పేడ్స్ అంటే కొందరికి 17కి పైన, స్లామ్ (12 లేదా 13 ట్రిక్కుల కాంట్రాక్టు) వాసన. కొందరికి ఆరు స్పేడ్స్, 5 పాయింట్లు. మాట్లాడుకోకపోతే ఆ బిడ్ ముట్టుకోవద్దు. ముట్టుకోకపోతే పోయేదేమీ లేదు. మీరు ముందే పాస్ చేసి ఉండకపోతే వన్ స్పేడ్ ఎలాగూ ఒక రౌండ్ ఫోర్సింగే (పార్ట్‌నర్ పాస్ అనకూడదు). చెయ్యి బలమైనదైతే తర్వాత చూపించండి, బలహీనమైతే మళ్ళీ టూ స్పేడ్స్ అని ఆగండి. అనవసరంగా ఎగిరి పార్ట్‌నర్‌కి పరీక్ష పెట్టడం దేనికి?

పార్ట్‌నర్ ఎగిరి మీకే అనుమానం వస్తే ఇలా పట్టుకోండి. ఇద్దరం ముందే చెప్పుకున్న సూట్‌లోనో, తన సూట్‌లోనో జంప్ అయితే ఆహ్వానం, పాస్ అనొచ్చు. వన్ డైమండ్, వన్ స్పేడ్, తర్వాత ఓపెనర్ త్రీ డైమండ్స్ అన్నా త్రీ స్పేడ్స్ అన్నా సుమారు 16–18, ఆగొచ్చు. అక్కడే త్రీ క్లబ్స్ అంటే కొత్త సూట్, గేమ్ దాకా ఆగకూడదు. అనుమానంలో కొత్త సూట్ జంప్ మీద పాస్ చెయ్యకండి. ఒక మెట్టు ఎక్కువ వెళ్ళి డౌన్ అయితే పోయేది చిల్లర, గేమో స్లామో పోతే అది నోటు.

రెండు మెట్లు ఎగిరితే వేరే లెక్క. వన్ స్పేడ్ మీద టూ డైమండ్స్ అన్నా ఫోర్సింగే కాబట్టి, డైమండ్స్ ఉన్నవాడు ఫోర్ దాకా ఎగరాల్సిన పని లేదు. అందుకే ఫోర్ డైమండ్స్ అంటే స్ప్లింటర్: నాలుగు స్పేడ్స్, ఓపెనింగ్‌కి దగ్గర బలం, డైమండ్స్‌లో ఒక్క ముక్క లేదా అసలు లేదు. దాని మీద పాస్ అంటే పార్ట్‌నర్ ఒంటి ముక్క తురుపుగా పెట్టుకుని పది ట్రిక్కులు వెతుక్కోవాలి. డమ్మీ పరిచినప్పుడు ఆ టేబుల్ దగ్గర కూర్చోవడం కష్టం.

నో ట్రంప్ మీద నేరుగా ఫోర్ నో ట్రంప్ ఆసులు అడగడం కాదు, “ఎక్కువ వైపు ఉంటే ఆరుకి వెళ్ళు” అనడం. రెండు చేతులూ కలిపి 33 కావాలి.

ఒక పద్ధతి. ఇంగ్లండ్‌లో ఎగిరే ముందు స్టాప్ కార్డు పెట్టాలి, పక్కవాడు పది సెకన్లు ఆగాలి. అమెరికాలో ఆ కార్డు లేదు, ఆగడం మాత్రం ఉంది. ఇక మీ జంప్‌కి పార్ట్‌నర్ ఎదుటివాళ్ళకి తప్పు అర్థం చెప్పాడనుకోండి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చోవాలి. మొహం మార్చకూడదు, ఆ మాట విన్నానన్న ఆధారంతో బిడ్ కూడా మార్చకూడదు. ఆక్షన్ మీకే దక్కితే ఓపెనింగ్ లీడ్‌కి ముందు డైరెక్టర్‌ని పిలిచి సరిచెయ్యాలి. డిఫెండ్ చేస్తుంటే ఆట అయ్యాకే. ఇక్కడ నిజాయితీ పేరుతో మధ్యలో నోరు జారేవాళ్ళే ఎక్కువ.

బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని బీబీఓలో (బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ సైట్) రోబోలతో ఆడండి. అవి టూ ఓవర్ వన్ అనే అమెరికా పద్ధతి ఆడతాయి, ఏ బిడ్ మీద నొక్కినా అర్థం కనిపిస్తుంది. అమెరికా వెళ్ళేవాళ్ళకి సగం పాఠం అక్కడే అయిపోతుంది.

సరే, ఇంత భయపెట్టాక ఒప్పుకోక తప్పదు. సాయంత్రానికి 24 బోర్డులు ఆడితే ఇలాంటి అనుమానపు జంప్ ఒకటో రెండో వస్తాయి. మ్యాచ్‌పాయింట్స్‌లో (ప్రతి బోర్డుకీ సమాన విలువ ఇచ్చే స్కోరింగ్) ఒక బోర్డు సున్నా అయితే పోయేది 4 శాతం చిల్లర. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఫోర్సింగ్ బిడ్ మీద పాస్ చేస్తూనే ఉంటారు, తర్వాత పార్కింగ్ లాట్‌లో నిలబడి వాదించుకుంటూనే ఉంటారు. వచ్చే వారం మళ్ళీ అదే పార్ట్‌నర్ ఫోన్ చేస్తాడు. ఎత్తండి, కానీ ముందు త్రీ హార్ట్స్ సంగతి అడగండి.