ఓవర్‌క్లాక్ చేశాక పీసీ ఆగిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ప్రాసెసర్‌నో, ర్యామ్‌నో కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి నడపడమే ఓవర్‌క్లాక్. అలా చేశాక గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. లేదా రెండు గంటలు హాయిగా ఆడి, గేమ్ మూసేసి, బ్రౌజర్ తెరవగానే బ్లూ స్క్రీన్ వస్తుంది. ఇలా జరిగినప్పుడు చాలామంది వెంటనే బయోస్‌లోకి (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి వోల్టేజీ పెంచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పు ప్రాసెసర్‌దా, ర్యామ్‌దా, వేడిదా అన్నది తేలకుండా వోల్టేజీ పెంచితే చిప్ ఇంకా వేడెక్కుతుందే తప్ప సమస్య అక్కడే ఉంటుంది.

ఉదాహరణకి ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్ తీసుకుంటున్నాను. 2020 నవంబర్‌లో వచ్చిన 6 కోర్ల చిప్ ఇది, ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తోంది. మీది ఇంటెల్ అయినా వరుస ఇదే, ఒకట్రెండు చోట్ల తేడా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, గేమ్ సేవ్‌లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. స్థిరంగా లేని ఓవర్‌క్లాక్ వల్ల పీసీ ఆగిపోవడం ఒక్కటే నష్టం కాదు, లెక్క తప్పి డిస్క్ మీద తప్పుడు డేటా రాసేస్తుంది, అది మీకు నెలల తర్వాత గానీ తెలియదు. ఓవర్‌క్లాక్ తీసేయకుండా బయోస్ అప్‌డేట్ అసలు పెట్టుకోవద్దు.

1. అన్నీ స్టాక్‌కి (కంపెనీ ఇచ్చిన అసలు సెట్టింగులకి) తెచ్చేయండి

బయోస్‌లో ఇప్పుడున్న సెట్టింగులన్నిటికీ ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, డిఫాల్ట్స్ లోడ్ చేయండి. ర్యామ్ ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని ప్యాకెట్ మీది ఎక్కువ వేగానికి తీసుకెళ్లే సెట్టింగ్) కూడా ఆఫ్‌లో ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు మీద ఓవర్‌క్లాక్ గానీ అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గింపు) గానీ ఉంటే అదీ తీసేయండి. బయోస్‌లోకే వెళ్లలేకపోతే పీసీ ఆపి, ప్లగ్ పీకేసి, మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి మళ్లీ పెట్టండి, లేదా మాన్యువల్ చూసి, బయోస్ సెట్టింగులని చెరిపేసే క్లియర్ సీమాస్ జంపర్ వాడండి.

తర్వాత ఏ గేమ్‌లో ఆగుతోందో అదే గేమ్ రెండు మూడు రోజులు ఆడండి. స్టాక్‌లో కూడా ఆగిపోతే అది ఓవర్‌క్లాక్ తప్పు కాదు, డ్రైవర్, ర్యామ్, పవర్ సప్లై వైపు చూడాలి. పీసీ బ్లూ స్క్రీన్ కూడా లేకుండా, గ్రాఫిక్స్ లోడ్ పడగానే స్విచ్ కట్టేసినట్టు ఆగిపోతుంటే ముందు పవర్ సప్లైని అనుమానించండి. ఇన్వర్టర్ లైన్ మీద నడుపుతుంటే ఒకసారి నేరుగా మెయిన్స్ మీద పెట్టి చూడండి.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్ వాడేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఐ9-13900కే, 14900కే లాంటివి ఏ ఓవర్‌క్లాక్ లేకుండానే అస్థిరం కావచ్చు. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన గేమ్‌లు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేస్తూ వీడియో మెమరీ చాలట్లేదని చెప్పి ఆగిపోవడం దీనికి పేరుపడ్డ లక్షణం. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ దీనికి మైక్రోకోడ్ సవరణలు (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే చిప్ లోపలి కోడ్) ఇచ్చింది, వారంటీ కూడా 2 ఏళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్ బయోస్ అప్‌డేట్‌తో బాగుపడదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

2. ఎక్స్‌ఎంపీ ఒక్కటే ఆన్ చేయండి

ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. 5600ఎక్స్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పింది డీడీఆర్4-3200 వరకే, మనం కొనేది 3600 కిట్. అందుకే ప్రాసెసర్ సెట్టింగులు స్టాక్‌లోనే ఉంచి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడపండి. నాలుగు పాస్‌లు పూర్తవ్వాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒక్కటే కదా" అని వదిలేయొద్దు. ఎర్రర్ వస్తే స్టిక్కులు తీసి గట్టిగా కూర్చోబెట్టండి, రెండు స్టిక్కులైతే సాధారణంగా ప్రాసెసర్ నుంచి 2వ, 4వ స్లాట్లలో ఉండాలి. అయినా తగ్గకపోతే 3200కి దించండి.

3. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ లోపాల చిట్టా) చూడండి

ర్యామ్ బాగానే ఉందని తేలాక మీ పాత ప్రాసెసర్ సెట్టింగులు తిరిగి పెట్టండి, మళ్లీ ఆగిపోయేదాకా వాడండి. ఆగాక స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరవండి. కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని టెన్షన్ పడతారు, కానీ పీసీ సరిగ్గా షట్‌డౌన్ అవకుండా ఆగిందని చెప్పడమే దాని పని, కారణం అందులో ఉండదు.

మీకు కావాల్సింది హార్డ్‌వేర్ లోపాలని నమోదు చేసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్, ఐడీ 18. దాన్ని తెరిస్తే "క్యాష్ హైరార్కీ ఎర్రర్" అనీ, కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (ఏ థ్రెడ్ మీద లోపం వచ్చిందో చెప్పేది) అని ఒక అంకె ఉంటాయి. 5600ఎక్స్‌లో ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు కాబట్టి 0, 1 అంటే కోర్ 0. 2, 3 అంటే కోర్ 1. 4, 5 అంటే కోర్ 2, అలా 11 దాకా. ప్రతిసారీ అదే కోర్ వస్తుంటే దొంగ దొరికినట్టే. ఏఎండీ వారి సాఫ్ట్‌వేర్ రైజెన్ మాస్టర్ మాత్రం కోర్లని 1 నుంచి లెక్కపెడుతుంది, అక్కడ పొరబడకండి. ఐడీ 19 వరుసగా వస్తుంటే మాత్రం ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్ లోపలి భాగాలని కలిపే లైన్) వేగాన్ని అనుమానించాలి, 3600 ర్యామ్‌కి అది 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే చాలు.

4. కర్వ్ ఆప్టిమైజర్ వాడుతుంటే

ఒక్కో కోర్‌కి వోల్టేజీని అంకెల్లో తగ్గించే బయోస్ సెట్టింగ్ ఇది. ఎవరో పెట్టారని అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టేస్తారు. ఒక్కో అంకెకి వోల్టేజీ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది, మైనస్ 30 అంటే చిన్న కోత కాదు, దాన్ని ప్రతి కోరూ తట్టుకోలేదు.

అయితే అన్ని కోర్లనీ పరుగెత్తించే సినీబెంచ్ పరీక్షలో గంట నిలబడ్డ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు ఆగుతుంది? అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు పవర్ పరిమితి వల్ల ఏ కోరూ తన గరిష్ఠ వేగానికి వెళ్లదు. మీరు బ్రౌజర్ తెరిచిన క్షణంలో మాత్రం ఒక్క కోర్ 4.6 గిగాహెర్ట్జ్‌కి, బూస్ట్ పెంచి ఉంటే ఇంకా పైకి దూకుతుంది. ఆ వేగానికే ఎక్కువ వోల్టేజీ కావాలి, మనం కోసేసింది కూడా అక్కడే. ఆల్-కోర్ పరీక్ష ఎంతసేపు నడిపినా ఈ లోపం బయటపడకపోవచ్చు.

దీనికి కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్ట్ ఉంది. అది ప్రైమ్95ని (ప్రాసెసర్‌కి బరువైన లెక్కలు ఇచ్చే పరీక్ష) ఒక్కో కోర్ మీద విడిగా నడిపి, ఏది తప్పిందో పేరు పెట్టి చెప్తుంది. రాత్రి పెట్టి పడుకోండి. తప్పిన కోర్‌ని మాత్రమే మైనస్ 30 నుంచి 25కి, అదీ చాలకపోతే 20కి తెచ్చి మళ్లీ నడపండి. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తున్న కోర్లు అందరికంటే పైకి బూస్ట్ అవుతాయి కాబట్టి వాటికి మైనస్ 10 లేదా 5 దగ్గరే ఆగాల్సి రావచ్చు. అందులో నష్టమేమీ లేదు.

5. ఫిక్స్‌డ్ ఓవర్‌క్లాక్ అయితే

అన్ని కోర్లకీ ఒకే మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం), ఒకే వోల్టేజీ పెట్టినవాళ్లు ముందు వేగాన్ని 50 లేదా 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. గేమ్‌లో ఆ తేడా కంటికి ఆనదు. ఈ చిప్‌కి స్థిరంగా 1.3 వోల్టులు దాటించడం నేనైతే ఒప్పుకోను.

తర్వాత సెన్సర్ల రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లోడ్ మీద కోర్ వోల్టేజీ చూడండి. మీరు 1.3 పెట్టినా లోడ్ పడగానే బాగా కిందికి జారుతుంటే ఆ జారుడుని ఆపే బయోస్ సెట్టింగ్ లోడ్-లైన్ కాలిబ్రేషన్‌ని మధ్య స్థాయికి తేండి. అన్నిటికంటే గట్టి స్థాయి వద్దు, లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. ఇంకో సంగతి, కొన్ని బోర్డుల్లో లెవెల్ 1 అన్నిటికంటే గట్టిది, కొన్నిట్లో అదే అన్నిటికంటే మెత్తనిది. మాన్యువల్ చూడకుండా అంకె మార్చకండి.

6. వేడి సంగతి

డిసెంబర్‌లో నిలబడ్డ సెట్టింగ్ మే నెలలో పడిపోవడం మన దగ్గర మామూలే. గది 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది, రామగుండం, రెంటచింతల వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసిందే కదా. 5600ఎక్స్ పరిమితి 95 డిగ్రీలు, గేమ్‌లో 85 దాటుతుంటే సెట్టింగులు తగ్గించండి. డస్ట్ ఫిల్టర్, కూలర్ రెక్కల మధ్య దుమ్ము దులపండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ పాతబడితే మార్చండి. చివరి పరీక్ష మాత్రం ఏసీ ఆపి మధ్యాహ్నం పూటే చేయండి.

7. ఇక నిలబడినట్టేనా?

గంటసేపు ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష, ఒక రాత్రి కోర్‌సైక్లర్, తర్వాత మీ గేమ్. వీటితో పాటు పీసీని స్లీప్‌లో పెట్టి లేపండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయండి, ఏ పనీ లేకుండా కాసేపు వదిలేయండి. ఎప్పుడూ ఒకసారికి ఒకే సెట్టింగ్ మార్చండి, మార్చినది కాగితం మీద రాసుకోండి, లేదంటే ఏ మార్పు పనిచేసిందో మీకే తెలియదు.

అన్నీ పాసయ్యాక విండోస్‌లో పాడైన సిస్టమ్ ఫైళ్లని వెతికే సిస్టమ్ ఫైల్ చెకర్ నడపండి, స్టీమ్‌లో గేమ్ ఫైళ్లని వెరిఫై చేయండి. ఆగిపోయిన రోజుల్లో పాడైన ఫైళ్లు ఇంకా అలాగే ఉండొచ్చు. ఇదంతా చేశాక కూడా ఒక్క గేమ్ మాత్రమే ఆగుతూ, మిగతావన్నీ బాగుంటే డ్రైవర్‌నో, ఆ గేమ్ ప్యాచ్‌నో చూసుకోండి, బయోస్ జోలికి వెళ్లొద్దు.