మన ఊరి బాక్సర్‌కు నిజమైన అభిమానిగా ఉండటం ఎలా?

పతకం గెలిచిన బాక్సర్‌కు స్వాగతం పలకడానికి పూలదండలతో వెళ్లేవారు చాలామందే ఉంటారు. ఆ పతకానికి ముందు ఆ క్రీడాకారిణి ఎవరెవరితో తలపడింది, ఏ బరువులో ఆడింది, ఎక్కడ ఓడింది, ఆ తర్వాత తన ఆటను ఎలా సరిదిద్దుకుంది అన్నవి చెప్పగలిగేవారు మాత్రం అరుదు. ఆ అరుదైన కోవలో చేరాలనుకునేవారి కోసమే ఈ వ్యాసం. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ ప్రస్థానాన్నే ఇందులో ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే గెలుపోటములు రెండింటి నుంచీ అభిమాని నేర్చుకోదగినది అందులో ఎంతో ఉంది.

1. మీ బాక్సర్ ఏ తరహా పోటీల్లో ఆడుతున్నారో తెలుసుకోండి

ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి, అయిదుగురు జడ్జీలు మార్కులు వేస్తారు, ఒకే వారంలో నాలుగైదు బౌట్లు, అంటే విడివిడి పోరులు, ఆడవలసి రావచ్చు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో కొత్తవారికి నాలుగు రౌండ్లతో మొదలై పెద్ద టైటిల్ పోరుకు పన్నెండు రౌండ్ల వరకు ఉంటుంది, సాధారణంగా ముగ్గురు జడ్జీలు ఉంటారు, రెండు పోటీల మధ్య నెలల విరామం ఉంటుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన విజేందర్ సింగ్ 2015 అక్టోబరులో మాంచెస్టర్‌లో ప్రొఫెషనల్‌గా తొలి పోటీ ఆడి, 2016 జులైలో ఢిల్లీలో కెర్రీ హోప్‌పై పది రౌండ్ల పోరులో గెలిచినప్పుడు, ఆయన అభిమానులు కూడా ఆటను చూసే పద్ధతిని మార్చుకోవలసి వచ్చింది.

ప్రొఫెషనల్ బాక్సర్‌ను అభిమానించేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ప్రత్యర్థిని డ్రా (ఎవరు ఎవరితో తలపడాలో చీటీలు తీసి తేల్చే పద్ధతి) నిర్ణయించదు, నిర్వాహకులు, మేనేజర్లు మాట్లాడుకుని ఎంచుకుంటారు. అందువల్ల పదికి పది గెలిచారన్న రికార్డును చూసి ఉప్పొంగే ముందు, ఆ పదిమందిలో ప్రతి ఒక్కరికీ అప్పటికి ఎన్ని గెలుపులు, ఎన్ని ఓటములు ఉన్నాయో బాక్స్‌రెక్ వంటి వెబ్‌సైటులో చూడండి. బలమైన ప్రత్యర్థి చేతిలో హోరాహోరీగా ఓడిన ఒక్క పోటీ, బలహీనులపై వరుసగా సాధించిన అయిదు నాకౌట్ల (ప్రత్యర్థి కిందపడి, లెక్క ముగిసేలోపు లేవలేకపోయిన గెలుపుల) కంటే ఆ బాక్సర్ గురించి ఎక్కువ చెబుతుంది.

2. ప్రతి బౌట్‌నూ రాసిపెట్టుకోండి

ఒక నోటుపుస్తకం తీసుకుని తేదీ, వేదిక, బరువు విభాగం, ప్రత్యర్థి పేరు, దేశం, ఫలితం, ఆ ఫలితం వచ్చిన తీరు ఒక్కొక్క వరుసలో రాయండి. చివరిది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే నాకౌట్, రెఫరీ పోటీ ఆపడం, ఏకగ్రీవ నిర్ణయం (జడ్జీలందరూ ఒకరికే ఇవ్వడం), చీలిక నిర్ణయం (జడ్జీల అభిప్రాయం రెండుగా విడిపోవడం) ఒక్కొక్కటీ ఒక్కో కథ చెబుతాయి.

నిఖత్ విషయంలో ఈ పుస్తకం 2011లో తుర్కియేలోని అంటాల్యాలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల స్వర్ణంతో మొదలవుతుంది. 2017లో భుజానికి తగిలిన గాయం, 2019లో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీ స్వర్ణం, అదే ఏడాది డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపిక ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో ఓటమి అందులో ఉంటాయి. ఆ తర్వాతే 2022 మేలో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌పై గెలిచి సాధించిన ప్రపంచ స్వర్ణం వస్తుంది. ఇస్తాంబుల్ ఒక్కటే చూసినవారికి అది హఠాత్తుగా వచ్చిన విజయంలా కనిపిస్తుంది. పదకొండేళ్ల వరుసలు ఎదురుగా ఉన్నవారికి అలా అనిపించదు.

3. మార్కులు మీరే వేయడం నేర్చుకోండి

అభిమానికి అన్నిటికంటే ఎక్కువ ఆనందం ఇచ్చే పని ఇదే అని నా నమ్మకం. పద్ధతి కష్టమైనది కాదు. రౌండ్ గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 వేస్తారు, ఆధిక్యం బాగా ఎక్కువగా ఉంటే 8 వేస్తారు. ప్రొఫెషనల్ పోటీల్లో ఒకసారి కిందపడితే మామూలుగా ఒక మార్కు తగ్గుతుంది. మొదటిసారి చూసేటప్పుడు వ్యాఖ్యానం వినిపించకుండా శబ్దం ఆపేయండి, ఎందుకంటే వ్యాఖ్యాత ఉత్సాహం మన కళ్లను తప్పుదారి పట్టిస్తుంది. గ్లవ్ ముందుభాగంతో తల ముందు, పక్క భాగాలకో, నడుముకు పైభాగానికో స్పష్టంగా తగిలిన దెబ్బలనే లెక్కించండి. చేతుల మీద, గ్లవ్స్ మీద పడినవి ఎంత చప్పుడు చేసినా వాటికి విలువ లేదు. మన బాక్సర్ ముందుకు దూసుకెళ్తుంటే ఆధిక్యం తనదేనని అనిపిస్తుంది గాని, వెనక్కి జరుగుతూ జాబ్‌తో (ముందున్న చేతితో సూటిగా వేసే దెబ్బతో) కొడుతున్న ప్రత్యర్థికే ఆ రౌండ్ దక్కవచ్చు.

రౌండ్ ముగియగానే మార్కులు రాసేయండి, తర్వాత దిద్దవద్దు. చివర్లో జడ్జీల మార్కులతో పోల్చి చూస్తే మన అభిమానం ఎక్కడ కంటికి అడ్డుపడిందో తెలిసిపోతుంది. వార్తల్లో కనిపించే 5-0 అన్నది బాక్సర్ సాధించిన పాయింట్ల సంఖ్య కాదని కూడా గుర్తుంచుకోవాలి. అయిదుగురు జడ్జీలూ ఆ బౌట్‌ను ఒకరికే ఇచ్చారని మాత్రమే దాని అర్థం. మూడు రౌండ్లూ నువ్వా నేనా అన్నట్టు సాగిన బౌట్ కూడా 5-0గా ముగియవచ్చు.

4. బరువునూ డ్రానూ పట్టించుకోండి

నిఖత్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో గెలిచారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు గనుక 50 కిలోలకు మారి, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023లో న్యూఢిల్లీ ప్రపంచ పోటీల్లోనూ స్వర్ణాలు గెలిచారు. కాగితం మీద రెండు కిలోలు చిన్న తేడాగానే కనిపిస్తాయి. అప్పటికే కొవ్వు తక్కువగా ఉన్న శరీరం నుంచి వాటిని తగ్గించి, తూకం ముగిశాక మళ్లీ శక్తి పుంజుకుని రింగులోకి రావడం ఎంత కఠినమో అభిమాని అర్థం చేసుకోవాలి. ఒలింపిక్ తరహా పోటీల్లో ఆడే రోజు ఉదయమే తూకం ఉంటుంది, ప్రొఫెషనల్ పోటీల్లో సాధారణంగా ముందు రోజు ఉంటుంది. ఆఖరి రౌండ్‌లో కాళ్లు బరువెక్కినట్టు కనిపిస్తే అందుకు కారణం తూకం దగ్గరే మొదలై ఉండవచ్చు.

డ్రా విడుదలైన రోజున మీ బాక్సర్ వైపున్న పేర్లన్నీ చదవండి. పారిస్‌లో సీడింగ్ (బలమైనవారు మొదట్లోనే తలపడకుండా డ్రాలో ముందే ఇచ్చే స్థానం) లేకుండా అడుగుపెట్టిన నిఖత్, తొలి బౌట్‌లో జర్మనీ బాక్సర్‌ను ఓడించగానే రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనాకు చెందిన వూ యూను ఎదుర్కొని ఓడిపోయారు. చివరికి ఆ విభాగం స్వర్ణం వూ యూకే దక్కింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో నిఖత్‌ను ఓడించిన బూసె నాజ్ చాకిరోలు, పారిస్ ఫైనల్‌లో వూ యూతో తలపడిన తుర్కియే బాక్సరే. ఈ రెండు ఓటములనూ ఆ వెలుగులోనే తూచాలి.

5. వీలైతే హాలుకు వెళ్లండి

టీవీలో దెబ్బ బరువు తెలియదు. జాతీయ చాంపియన్‌షిప్ పోటీలు మీకు అందుబాటులో ఉన్న నగరంలో జరిగితే ఫైనల్ రోజున కాకుండా తొలి రోజుల్లో వెళ్లండి, రద్దీ తక్కువగా ఉంటుంది, ఒకే రోజు ఎన్నో బౌట్లు చూడవచ్చు. మీ బాక్సర్ కార్నర్ (విరామంలో బాక్సర్ కూర్చునే రింగు మూల) వైపు కూర్చుంటే విరామంలో కోచ్ ఇచ్చే సూచనలు కొన్నైనా చెవిన పడతాయి. మీరు మాత్రం పైనుంచి సలహాలు అరవవద్దు, ఆ నిమిషంలో బాక్సర్ చెవికి ఒక్క గొంతే చేరాలి.

6. ఓడిన రోజున ఎలా ఉండాలి

నా దృష్టిలో అభిమానానికి అసలు పరీక్ష ఇదే. ఓటమి తర్వాత బాక్సర్‌కు నేరుగా సందేశాలు పంపి విశ్లేషణలు వినిపించకండి. తలకు దెబ్బలు తగిలి నాకౌట్ అయినవారికి వైద్యులు తప్పనిసరి విశ్రాంతి విధిస్తారు. ఆ కాలంలో “మళ్లీ రింగులోకి ఎప్పుడు?” అని అడగడం వారి ఆరోగ్యానికి మేలు చేయదు. ఓటమి కోపంతో ప్రత్యర్థినో, జడ్జీలనో దూషించడం ఇంకా పెద్ద తప్పు. కొన్ని రోజులు ఆగి, ఆ బౌట్ వీడియో మళ్లీ చూడండి. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్ 51 కిలోల స్వర్ణం గెలిచిన బౌట్‌ను, లివర్‌పూల్ బౌట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే మీకే ఎన్నో విషయాలు తెలుస్తాయి.

7. బాక్సర్‌ను తయారుచేసిన చోటును కూడా అభిమానించండి

నిజామాబాద్‌లో నిఖత్‌కు శిక్షణ ఇచ్చిన కోచ్ శంసముద్దీన్ కుమారుడు, బాక్సర్ హుస్సాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు గెలిచారు. శంసముద్దీన్ వద్ద శిక్షణ తర్వాత నిఖత్ విశాఖపట్నంలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు వద్ద సాధన చేశారు. మీ ఊరిలో ఇలాంటి శిక్షణ కేంద్రం ఉంటే అక్కడి కోచ్‌ను కలిసి జిల్లా, రాష్ట్ర పోటీల తేదీలు అడగండి. పిల్లలకు గ్లవ్స్, హెడ్‌గార్డులు, చేతికి చుట్టుకునే పట్టీలు, మౌత్‌గార్డులు ఎప్పుడూ అవసరమవుతూనే ఉంటాయి గనుక, ఏవి ఏ సైజులో కావాలో కోచ్‌నే అడిగి తెలుసుకుని కొనివ్వండి.