న్యూరోఫీడ్‌బ్యాక్ చేయాలంటే ఏ నమోదు కావాలి: ఆర్‌సీఐ దరఖాస్తు విధానం

అమీర్‌పేటలోని ఒక జిరాక్స్ దుకాణంలో ఇటీవల ఒక అమ్మాయి బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుంటున్నారు. దాని మీద ‘లైసెన్స్‌డ్ న్యూరోఫీడ్‌బ్యాక్ థెరపిస్ట్’ అని ఉంది. 3 రోజుల శిక్షణకు, ఆ కాగితానికి కలిపి 40 వేలు కట్టానని చెప్పారు. మన దేశంలో ఆ పేరుతో ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఏదీ లేదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, మెదడులోని విద్యుత్ తరంగాలను తెర మీద చూపిస్తూ వాటిని అదుపు చేసుకోవడం నేర్పే ఈ పద్ధతికి చట్టంలో విడిగా స్థానం లేదు. చట్టం చూసేది యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ఏ వృత్తిలో నమోదయ్యారన్నదే. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసేవారి పేరు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టరులో ఉండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెయ్యి రూపాయలే కదా అని నవ్వేవారు జైలు మాట చదవకుండా వదిలేస్తారు. అమెరికాలో 1981లో మొదలైన, బయోఫీడ్‌బ్యాక్ నిపుణులకు సర్టిఫికెట్లిచ్చే బీసీఐఏ సంస్థ ఇచ్చే న్యూరోఫీడ్‌బ్యాక్ సర్టిఫికెట్‌కు 36 గంటల పాఠాలు, మెంటర్ దగ్గర 25 గంటలు, 100 సెషన్లు అవసరం కనుక దానికి విలువ ఉంది. అయితే అది కూడా నైపుణ్యానికి గుర్తింపే గాని వృత్తి చేయడానికి అనుమతి కాదు.

ఆర్‌సీఐ నమోదుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫోటో, సంతకం, పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, డిగ్రీ, పీజీ సర్టిఫికెట్లు, అర్హత కోర్సు మార్కుల మెమోలు స్కాన్ చేసి పెట్టి ఫీజు కడితే సరిపోతుంది. ఇంతవరకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

చిక్కంతా అర్హత కోర్సు కాగితం దగ్గరే వస్తుంది. ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కారు. ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. పైగా ఆ గుర్తింపు కాలేజీకి శాశ్వతంగా ఇచ్చేది కాదు, ఫలానా కోర్సుకు, ఫలానా విద్యా సంవత్సరాలకు, ఇన్ని సీట్లకు అని ఇచ్చేది. ‘మా కాలేజీకి ఆర్‌సీఐ ఉంది’ అన్న మాట నిజమే అయినా, మీరు చేరిన బ్యాచ్‌కు ఆ అనుమతి ఉందో లేదో వేరే ప్రశ్న. కాబట్టి చేరిన ఏడాదికి వర్తించే అనుమతి లేఖ నకలును కాలేజీలో అడిగి తీసుకోండి. అడిగితే విసుక్కునే కాలేజీ విషయంలో కాస్త ఆలోచించండి.

రెండో కొర్రీ పేరు మీద పడుతుంది. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, ఆధార్‌లో చివర ఉండటం మన ఇళ్లలో మామూలే. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే పేరు రాసి, తేడా ఉన్న కాగితాలను ముందే సరిచేయించుకోవడం మేలు. దీనికి భయపడి దరఖాస్తు మానుకోవద్దు, ఇది సరిదిద్దుకోగలిగిన లోపమే.

ఎంఎస్సీతోనే ఆగినవారు నిరాశపడనక్కర్లేదు. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్‌లో సైకాలజిస్టులు, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ టెక్నాలజిస్టులు కూడా ఉన్నారు; ఆ నమోదు రాష్ట్ర మండలి ద్వారా జరగాలి. అప్పటిదాకా నమోదైన క్లినికల్ సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టు పర్యవేక్షణలో సెషన్లు నడపడం క్షేమం. బోర్డు మీద ‘క్లినికల్’ అన్న మాట మాత్రం రాయించవద్దు.

జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు గదికి సంబంధించినదే, వృత్తికి కాదు. జబ్బుకు చికిత్స చేస్తామని క్లినిక్ తెరిస్తే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య అధికారి కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. తాత్కాలిక నమోదు ఇవ్వడానికి అధికారులకు చట్టం పెట్టిన గడువు 10 రోజులు, ఆ నమోదు చెల్లేది ఏడాది. విదేశీ యంత్రం కొంటే దిగుమతిదారుకు వైద్య పరికరాల దిగుమతికి ఇచ్చే ఎండీ-15 లైసెన్సు ఉందో లేదో బిల్లు కట్టకముందే చూడండి.

చివరగా, ఏజెంటుకు పని అప్పగించినవారు ఎక్కువగా మోసపోయేది ఫీజు దగ్గర కాదు. అతను దరఖాస్తులో తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పెడతాడు. కొర్రీ వస్తే సమాచారం అతనికే వెళ్తుంది, ఓటీపీ అతనికే వస్తుంది. 5 ఏళ్ల తర్వాత రెన్యువల్ సమయానికి మళ్లీ అతని గుమ్మం ఎక్కాల్సి వస్తుంది. నెట్ సెంటర్‌లో టైపు చేయించుకున్నా ఆ రెండు గడులు మీ చేత్తో మీరే నింపండి. నమోదు నంబరు వచ్చిన రోజే ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో మీ పేరు వెతికి, వర్గం దగ్గర ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అనే ఉందో లేదో సరిచూసుకోండి.