ఏ-10 డై-కాస్ట్ నమూనాను పెట్టెలోంచి తీసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

లోహాన్ని అచ్చుపోసి (డై-కాస్ట్) చేసిన, 1:72 నిష్పత్తిలోని, అంటే అసలు పరిమాణంలో 72వ వంతు ఉండే, ఏ-10 థండర్‌బోల్ట్ అనే అమెరికా యుద్ధవిమానపు నమూనాకు రెక్కల చివరల మధ్య దూరం సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, ముందుగా విశాలమైన బల్లపై మెత్తని గుడ్డ పరచుకోవాలి. చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూలు చేతి తొడుగుల పోగులు యాంటెన్నాలకు చిక్కుకుంటాయి కాబట్టి నేను వాటిని వాడను.

అసలు విమానంలో 30 మిల్లీమీటర్ల, ఏడు గొట్టాల ఫిరంగి ఉండే ముక్కు కొస, రెక్కల కింది క్షిపణులు, చక్రాల కాళ్లు నమూనాలో చాలావరకు సన్నని ప్లాస్టిక్‌తోనే చేసి ఉంటాయి కాబట్టి, వాటిని పట్టుకోకుండా, రెక్కలు కలిసే చోట, జింకు మిశ్రమలోహపు బరువంతా ఉండే నడిమి భాగం కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. స్టాండు సరిగా కూర్చోకపోతే బలవంతంగా నొక్కరాదు. విడిభాగాల సంచిని సరిచూసుకునే వరకు పెట్టెను పారేయవద్దు, ఆ తర్వాత కూడా దాచడమే మేలు.