ఏటిగట్టు మీద పరుగు: గుండెకి ఏ ట్రైనింగ్ ఏం చేస్తుంది, వారంలో ఎలా కలుపుకోవాలి

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసమో కబడ్డీ టోర్నమెంట్ల కోసమో పొద్దున్నే ఏటిగట్టు ఎక్కే కుర్రాళ్లు మన అమలాపురం, రావులపాలెం, భీమవరం సైడు ఎక్కడైనా కనిపిస్తారు, కానీ ఎక్కువమంది చేసేది ఒకటే, రోజూ ఒకే స్పీడులో రొప్పు వచ్చేదాకా పరిగెత్తడం. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత 1600 మీటర్ల టైమింగ్ అక్కడే ఆగిపోతుంది.

ఆయాసం రాగానే ఊపిరి చాలట్లేదు అనుకుంటాం కదా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలుగా కొరత ఊపిరితిత్తుల్లో ఉండదండి. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ పరుగు ఆపగానే పెట్టి చూడండి, దాదాపు ఎప్పుడూ ఉండే నంబరే చూపిస్తుంది. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపిస్తోంది, అందులోంచి కండ ఎంత ఆక్సిజన్ లాక్కుంటోంది, ముఖ్యంగా తేడా ఈ రెండిట్లోనే.

నెమ్మది పరుగుతో మొదలెట్టండి. 208లోంచి మీ వయసులో 70 శాతం తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది, 20 ఏళ్ల కుర్రాడికి నిమిషానికి 194, మనిషిని బట్టి అటూ ఇటూ ఓ పది తేడా ఉంటుంది. అందులో 65 నుంచి 75 శాతం, అంటే 126 నుంచి 145 మధ్యలో నలభై నిమిషాలు, గంట పరిగెత్తాలి. వాచీ లేకపోతే పక్కవాడితో పూర్తి మాట ఆగకుండా మాట్లాడగలిగితే చాలు. ఇలా నెలల తరబడి చేస్తే గుండె ఎడమ గది పెద్దదై కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది, కండల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, నిద్ర లేవగానే చూసుకునే నాడి మెల్లగా తగ్గుతూ వస్తుంది. నాడి చూసేటప్పుడు బొటనవేలు వద్దు, దానికి సొంత నాడి ఉంటుంది, చూపుడువేలు మధ్యవేలు పెట్టండి.

ఇక్కడ మన డెల్టా ఉక్కపోత సంగతి చెప్పాలి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు, దాంతో గుండె కొంత రక్తాన్ని చర్మానికి పంపాలి, చెమటతో నీళ్లు పోయి రక్తం కూడా తగ్గుతుంది, అందుకే అదే స్పీడులో వెళ్తున్నా అరగంట తర్వాత నాడి పైకి పాకుతూనే ఉంటుంది. మే నెలలో స్పీడు కాదు, నాడి చూసి పరిగెత్తండి, బాగా పెరిగితే నడవండి, అందులో నామోషీ ఏం లేదు.

గట్టి పని వారానికి రెండుసార్లు చాలు. 4 నిమిషాలు గుండె గరిష్ఠ వేగంలో 90 శాతం దాటి, 3 నిమిషాలు జాగింగ్, ఇలా నాలుగు సార్లు. నార్వే వాళ్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో ఎనిమిది వారాలకి ఇదే పద్ధతి ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌ని సుమారు 7 శాతం పెంచింది, మొత్తం పని అంతే ఉన్నా నెమ్మది పరుగు గ్రూపుకి అంత పెరగలేదు. మరి రోజూ ఇదే చేస్తే సరిపోదా అంటే, కాళ్లు కోలుకోవు, దెబ్బలు తగులుతాయి, అందుకే మిగతా రోజులు నెమ్మదే. కబడ్డీ వాళ్లకి మాత్రం చిన్న ముక్కలు కూడా కావాలి, రైడ్ ఉండేదే 30 సెకన్లు కాబట్టి 15 సెకన్లు పరుగు, 15 సెకన్లు జాగింగ్ బాగా పనికొస్తుంది.

బరువులు ఎత్తడం వేరే లెక్క. ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా బాగా పెరుగుతుంది, గుండె ఆ ఒత్తిడికి ఎదురు నెట్టాలి, ఆక్సిజన్ వాడకం మాత్రం పెద్దగా పెరగదు. కాళ్లకి బలం వస్తుంది, పరుగులో శక్తి ఆదా అవుతుంది, అందుకని వారానికి రెండు రోజులు బస్కీలు, బరువులు పెట్టుకోండి, ఎత్తేటప్పుడు గాలి వదలండి.

పొద్దున నాడి ఎప్పటికన్నా ఏడెనిమిది ఎక్కువుంటే నిద్ర చాల్లేదో జ్వరం వస్తుందో అయ్యుండొచ్చు, ఆ రోజు గట్టి పని మానేయండి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయినా, ముందు డాక్టర్‌కి చూపించి ఈసీజీ తీయించుకుని, ఆయన సరే అన్నాకే గట్టెక్కండి.