పలకా, పుస్తకమా? మూడో పాఠం: జెరాక్స్ షాపులో తెర కొలవడం

తెలుగు పుస్తకాలు చదువుకోవడానికి ఏ పలక కొనాలో, అంటే ట్యాబో, పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడరో, తేల్చుకునే పాఠాలివి. పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. ఫోన్లో, పెన్‌డ్రైవులో, మెయిల్లో పేరుకుపోయిన పుస్తకాల ఫైళ్ళన్నీ తెరిచి మూడు కుప్పలు పెట్టమన్నాను. మాట మీద వేలు నొక్కిపట్టి కాపీ చేస్తే తెలుగు తెలుగుగానే వచ్చేవి ఒక కుప్ప. చూడ్డానికి శుభ్రంగా టైపు చేసినట్టే ఉండి, కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గుర్తులూ ఇంగ్లిష్ అక్షరాలూ రాలేవి రెండో కుప్ప. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌లు ఇలాంటివే. పాత పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసిన స్కాన్లు మూడో కుప్ప.

మొదటి కుప్పే పెద్దదిగా తేలినవాళ్ళు ఈ పాఠం వదిలేసి నేరుగా నాలుగోదానికి పోవచ్చు. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోగలరు కాబట్టి వాళ్ళకు ఏ తెరైనా చెల్లుతుంది. తెలుగు చదివేవాళ్ళలో అలాంటి అదృష్టవంతులు నాకు పెద్దగా తగల్లేదు. నా మొదటి కుప్పలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పుస్తకాలే తేలాయి. మిగతా రెండు కుప్పల్లో పేజీ ఒక బొమ్మ లాంటిది. తెర చిన్నదైతే పేజీ మొత్తం కుంచించుకుపోతుంది, దాంతోపాటే అక్షరమూ.

ఈ సంగతి నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. నా మొదటి ఈ-రీడర్ ఆరంగుళాలది. రివ్యూలు చదివి, వీడియోలు చూసి, 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అట, వారాల తరబడి బ్యాటరీ అట అని మురిసిపోయి తెప్పించాను. ఆ సాయంత్రం కడపలో మా మిద్దె మీద మంచం వేసుకుని, ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకున్న పాత తెలుగు నవల ఒకటి తెరిచాను. పక్కనే కూర్చున్న మా జేజి దాన్ని చేతిలోకి తీసుకుని, దగ్గరికీ దూరానికీ పెట్టి చూసి, "ఏం నాయనా, దీంతోపాటు భూతద్దం ఇయ్యలేదా వాళ్ళు?" అంది. తప్పు యంత్రానిది కాదు. ఇంగ్లిష్ నవల దాంట్లో కడిగిన ముత్యంలా కనిపించింది. నా దగ్గరున్న పుస్తకాలేవో చూసుకోకుండా కొన్నది నేను.

అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది ఒకటే పని. కొనకముందే మీ పేజీ ఆ తెర మీద ఎంతకు తగ్గుతుందో లెక్కగట్టి, ఆ తగ్గిన అక్షరాన్ని కళ్ళారా చూసుకోవడం. స్కేలు, తెల్లకాగితం, కత్తెర, కాస్త చిల్లర ఉంటే చాలు.

పెట్టె మీద "6 అంగుళాలు", "11 అంగుళాలు" అని రాసేది మూల నుంచి మూలకు కొలత, టీవీలకు మాదిరే. మనకు కావలసింది వెడల్పు, ఎత్తు. ఈ-రీడర్లలో ఉండే, కాగితం మీది అచ్చులా కనబడే ఈ-ఇంకు తెరలు ఎక్కువగా 4:3 నిష్పత్తిలో ఉంటాయి. వాటికి మూల కొలతను 0.6తో గుణిస్తే వెడల్పు, 0.8తో గుణిస్తే ఎత్తు. బళ్ళో చదివిన 3, 4, 5 త్రిభుజమే ఇది, ఇన్నాళ్ళకు పనికొచ్చింది. వచ్చినదాన్ని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు. అలా చేస్తే ఆరంగుళాల తెర 91 × 122 మి.మీ. అవుతుంది. ఏడంగుళాలది, అంటే 2024లో వచ్చిన కిండిల్ పేపర్‌వైట్ అనే ఈ-రీడర్ సైజు, 107 × 142. పెన్నుతో నోట్సు రాసుకునే 10.3 అంగుళాల ఈ-ఇంకు పలకలు 157 × 209.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 16:10 తెరలు ఎక్కువ. వాటికి 0.53, 0.85 వాడండి. 11 అంగుళాల ట్యాబ్ 148 × 237 వస్తుంది. నిష్పత్తి ఎంతో తెలియకపోతే రిజల్యూషన్‌లో (1920 × 1200 లాంటి చుక్కల లెక్కలో) పెద్ద అంకెను చిన్నదానితో భాగించండి. 1.33 దగ్గరికి వస్తే 4:3, 1.6 వస్తే 16:10. మధ్యలో ఎక్కడో తేలితే ఐప్యాడ్ లాంటిదేదో చూస్తున్నారన్నమాట. అప్పుడు ఈ అడ్డదారి వదిలేసి తెర కొలత నేరుగా వెతుక్కోవడమే మేలు.

ఆ కొలతలతో కాగితం కత్తిరించి చేత్తో పట్టుకోండి. నేను కత్తిరించిన ముక్కలన్నీ మా బీరువా తలుపుకు అతికించి ఉన్నాయి. కొత్త పలక ఏది విడుదలైనా ముందు దాని ముక్క అక్కడ చేరుతుంది. కాగితం చవక కాబట్టి ఇంట్లోవాళ్ళు ఏమీ అనడం లేదు.

ఇప్పుడు పేజీ సంగతి. మన నవలలూ కథల సంపుటాలూ చాలావరకు 1/8 డెమ్మీ సైజులో అచ్చవుతాయి. స్కేలు పెడితే సుమారు 140 × 215 మి.మీ. తెర వెడల్పును పేజీ వెడల్పుతో, తెర ఎత్తును పేజీ ఎత్తుతో భాగించండి. రెండు జవాబుల్లో ఏది చిన్నదో అదే మీ శాతం. ఆరంగుళాల తెరకు వెడల్పు ప్రకారం 65, ఎత్తు ప్రకారం 57 వస్తాయి. కాబట్టి 57. అంటే 12 పాయింట్ల అక్షరం 7 పాయింట్లకు కూడా కాస్త తక్కువే. మా జేజి భూతద్దం అడిగిందంటే అడగదా మరి!

అంచుల్లోని తెల్ల జాగా తీసేసి అచ్చు భాగాన్ని మాత్రమే చూపే సదుపాయం ఉంటే లెక్క మారుతుంది. నా చేతిలోని ఒక నవలలో అచ్చు భాగం 108 × 175 ఉంది. అలా కోస్తే ఆరంగుళాలకు 57 కాస్తా 70 అవుతుంది, ఏడంగుళాలకు 81. 10.3 అంగుళాల తెర మీద నూరు దాటిపోతుంది. 11 అంగుళాల ట్యాబ్‌లో అంచులు కోయకుండానే నూరు దాటుతుంది. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ అంచులు కోసే పని బాగా చేస్తుంది. కానీ మూడో కుప్ప విషయంలో దాన్ని మరీ నమ్ముకోవద్దు. స్కానులో ఒక పేజీ ఎడమకు, ఇంకో పేజీ కుడికి ఒరిగి ఉంటుంది, అంచున నల్లమరకలు, లైబ్రరీ ముద్రలు ఉంటాయి. వాటిని కూడా అచ్చే అనుకుని అది తడబడుతుంది. స్కాన్లకు అంచులతో కలిపిన శాతమే లెక్కలోకి తీసుకోండి.

శాతం చేతికొచ్చింది. అంకెను చూస్తే కంటికి ఏం తెలుస్తుంది? అందుకే జెరాక్స్ షాపుకు పోవాలి. అదే సైజు పుస్తకం ఒకటి పట్టుకెళ్ళి, "అన్నా, ఈ పేజీని 57 శాతానికి తగ్గించి ఒకటి తీయి. 81కి ఒకటి, 100కి ఒకటి" అనండి. మెషీన్లో తగ్గించే బటన్ ఉంటుంది. నేను మొదటిసారి అడిగినప్పుడు ఏడురోడ్ల దగ్గర షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "మైక్రో జెరాక్సా? పరీక్ష ఏ రోజు సార్?" అన్నాడు. సిగ్గుపడకండి.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చి, రోజూ చదివే చోటే, రోజూ పట్టుకునే దూరంలోనే పట్టుకుని చదవండి. ఒక్కోటి పది నిమిషాలకు తగ్గకూడదు. మొదటి నిమిషంలో ఏ అక్షరమైనా బాగానే ఉందనిపిస్తుంది, కన్ను లాగడం మొదలయ్యేది ఆ తర్వాతే. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఇంకోసారి చూడండి. నేను తిరిగిన మన ఊరి షాపుల్లో ట్యాబ్‌లు పెట్టారు గానీ, ఈ-రీడర్ డెమో పీసు నాకెక్కడా కనబడలేదు. కాబట్టి ఈ రెండు మూడు రూపాయల కాగితమే మన డెమో పీసు. నా కళ్ళకు 80 శాతం కిందికి పోతే కుదరలేదు. మీ గీత మీరే తేల్చుకోవాలి.

కాగితం చెప్పేది సైజు ఒక్కటే. నాణ్యత సంగతి పీపీఐ చెబుతుంది, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. రిజల్యూషన్‌లోని రెండు అంకెల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, మూల కొలతతో భాగించాలి. 1280 × 800 ఉన్న 10.1 అంగుళాల చవక ట్యాబ్‌కు 149 వస్తుంది. 1920 × 1200 ఉన్న 11 అంగుళాలదానికి 206. మంచి ఈ-రీడర్లకు 300. ఇంగ్లిష్ చదివేవాళ్ళు 149తో సర్దుకుంటారేమో గానీ మన లిపికి అది చాలదు. ద, ధ మధ్య ఉన్నది ఒక చిన్న గీత. ప, ఫ మధ్యా అంతే. స్వాతంత్ర్యంలో తకారం చుట్టూ రెండు ఒత్తులు ఇరుక్కుని ఉంటాయి. చుక్కలు చాలకపోతే ముందు మాయమయ్యేది ఈ చిన్నచిన్న గీతలే. షాపులో పెట్టిన ట్యాబ్ తీసుకుని ధనం, ఫలం, రాష్ట్రం, స్వాతంత్ర్యం అని టైపు చేసి, అక్షరం సైజు తగ్గించుకుంటూ పొండి. ధనం దనంగా మారే చోట ఆగండి. ఆ ట్యాబ్ శక్తి అంతవరకే.

రంగుల ఈ-ఇంకు మీద మోజు ఉన్నవాళ్ళకు ఒక మాట. కెలీడో రకం తెరలు నలుపు తెలుపుల్లో 300 చూపినా రంగుల్లో 150కే దిగుతాయి, పైన రంగుల పొర ఉండడం వల్ల తెల్ల కాగితం కూడా కాస్త బూడిదరంగుగా కనిపిస్తుంది. పసుపుబారిన పాత స్కాన్లు చదవడానికి అంత డబ్బు దండగ.

"ఇంత లెక్కెందుకు, రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసుకుంటే పోదా?" అంటారు కొందరు. ట్యాబ్‌లో పోతుంది. ఈ-ఇంకులో పోదు, ఎందుకో తెలియాలంటే దాని లోపలికి చూడాలి. ఆ తెర నిండా కంటికి కనబడనంత చిన్న గుళికలు ఉంటాయి. ఒక్కో గుళికలో ద్రవం, అందులో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ. ఒకవాటికి ధన విద్యుదావేశం, ఇంకోవాటికి ఋణావేశం. కింద నుంచి కరెంటు ఒక రకంగా ఇస్తే తెల్లవి పైకి తేలతాయి, ఇంకోరకంగా ఇస్తే నల్లవి. తేలినవి కరెంటు ఆపేసినా అక్కడే నిలిచి ఉంటాయి. బ్యాటరీ అంతకాలం రావడానికి ముఖ్య కారణం ఇదే, పేజీ తిప్పినప్పుడు తప్ప తెరకు పెద్దగా ఖర్చు లేదు. కానీ రేణువులు ద్రవంలో నిజంగా ఈదుకుంటూ రావాలి కదా, దానికి టైము పడుతుంది. మీరు వేలితో పేజీని లాగుతుంటే అవి ఒకసారి తేలి, ఒకసారి మునిగి, తెర మెరిసి, పాత అక్షరాల నీడలు మిగిలి, చిరాకు పుడుతుంది. కాబట్టి ఈ-ఇంకు కొనేటట్టయితే మీ శాతం దగ్గర గట్టిగా ఉండండి. ట్యాబ్ అయితే పది శాతం అటూ ఇటూ అయినా పరవాలేదు.

ఆరంగుళాలది ఇప్పటికే కొనేసినవాళ్ళు బెంగ పెట్టుకోవద్దు. నాది నేను అడ్డంగా తిప్పి వాడుకుంటున్నాను. అప్పుడు తెర వెడల్పు 122, అచ్చు వెడల్పు 108, అంటే 113 శాతం. ఒక పేజీ మూడు తెరలుగా విడిపోతుంది, వేలికి పని ఎక్కువ. అయినా కంటికి హాయి.

ఈ లెక్కతో మా ఇంట్లోనే ఇద్దరికి పలకలు ఎంచాను. ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నాయన తెలుగు పంతులుగా రిటైరయ్యాడు. ఆయన పుస్తకాలన్నీ మూడో కుప్పే. పొద్దున్నే వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని చదువుతాడు. ఆ వెలుతురులో ట్యాబ్ పట్టుకుంటే పుస్తకం కంటే సొంత ముఖమే ఎక్కువ కనబడుతుంది. 10.3 అంగుళాల ఈ-ఇంకు చెప్పాను. ధర విని, "ఆ డబ్బుకు బీరువా నిండా పుస్తకాలొస్తాయి కదరా" అన్నాడు. "ఉన్న బీరువాలోనే జాగా లేదు గదా చిన్నాయనా" అన్నాను. కొన్నాడు. బ్యాటరీ గురించి కూడా ముందే చెప్పి పెట్టాను. కిండిల్ లాంటివి "12 వారాలు" అని చెప్పేది రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేస్తేనే. అంటే మొత్తం 42 గంటలు. రోజుకు నాలుగు గంటలు చదివే ఆయనకు అలాంటి బ్యాటరీ పది రోజులు.

రెండోవాడు గ్రూప్-2కు చదువుతున్న మా మేనల్లుడు. వాడి నోట్సంతా ఏ4 పీడీఎఫ్‌లు, 210 × 297. ఇక్కడ లెక్క నన్నే ఆశ్చర్యపరిచింది. 10.3 అంగుళాల ఈ-ఇంకులో ఎత్తు అడ్డుపడి 70 శాతం, 11 అంగుళాల ట్యాబ్‌లో వెడల్పు అడ్డుపడి మళ్ళీ 70 శాతమే. ఒక కాగితం మీద రెండు పేజీలు జెరాక్స్ తీయించి చదివినవాళ్ళకు ఆ అక్షరం అలవాటే. సైజులో తేడా లేనప్పుడు వీడియో క్లాసులు, రంగుల మ్యాపులు చూసుకోవచ్చని ట్యాబ్ ఖాయం చేశాం. "చదువు కంటే రీల్స్ ఎక్కువ చూస్తాడేమోరా" అని మా అక్క టెన్షన్ పడుతోంది. దానికి నా స్కేలు పనికిరాదు.

ఇద్దరికీ ఒకే హెచ్చరిక చేశాను. ఐప్యాడ్ అయినా కిండిల్ అయినా 35 డిగ్రీల లోపు వాడమనే తయారీదారులు చెబుతారు. మన మే నెల ఎండ 40 దాటుతుంది. మధ్యాహ్నం మిద్దె మీద ఛార్జింగ్ పెట్టడం, స్కూటర్ డిక్కీలో వదిలేయడం రెండూ వద్దు.

నాలుగో పాఠానికి ఇంటిపని. మీ మూడు జెరాక్స్ కాగితాల వెనక శాతం, చదివిన నిమిషాలు, కన్ను లాగిందా లేదా రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో పెన్ను, తెర ముందు నుంచి పడే లైటు, మొదటి కుప్ప ఫైళ్ళలో ఒత్తులు విడిపోయే జబ్బు చూద్దాం. ఓపిక ఉన్నవాళ్ళకు అదనంగా ఒక లెక్క. కడపలో బ్రౌన్ ఒకప్పుడు ఉన్న బంగ్లా స్థలంలో కట్టిన సి.పి.బ్రౌన్ గ్రంథాలయానికి పోయి, ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు ప్రతి దొరికితే ఒక పేజీ కొలవండి. ఆ చిన్న అక్షరాలు 80 శాతానికి తగ్గకుండా ఉండాలంటే ఎన్ని అంగుళాల తెర కావాలో తేల్చండి. పుస్తకం మీద స్కేలు పెట్టేముందు అక్కడివాళ్ళను ఒక మాట అడగండి.