ఇంట్లో హెన్నా, కర్ల్స్, సవరం జడ: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

పెళ్లిళ్ల సీజన్‌లో పార్లర్‌కి వెళ్తే ఒక్క జడకే వేలల్లో అవుతోంది. అదే పని ఇంట్లో వంద, రెండు వందల సామానుతో శుభ్రంగా చేసుకోవచ్చు. ఒకసారి కుదరకపోతే చాలామంది వెంటనే "ఈ పొడి మంచిది కాదు, ఇంకోటి కొందాం" అనుకుంటారు. నా అనుభవంలో తప్పు సామానులో తక్కువ, సమయంలోనూ నీళ్లలోనూ ఎక్కువ. అందుకే కొత్తది కొనే ముందు ఏం జరిగిందో సరిగ్గా చూడండి.

హెన్నా పెట్టినా రంగు పట్టలేదు

గోరింటాకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. పొడి కలపగానే అది బయటికి రాదు, నానాలి. కలిపిన అరగంటకే తలకు పట్టిస్తే పట్టేది పచ్చ వాసనే.

గోరువెచ్చని నీళ్లతోనో చల్లారిన టీ డికాక్షన్‌తోనో జారుగా కాకుండా కలిపి మూతపెట్టండి. మన ఎండాకాలంలో ఐదారు గంటలు చాలు, చలికాలంలో రాత్రంతా ఉంచాలి. తయారైందో లేదో కంటితోనే తెలుస్తుంది. పైపొర గోధుమ రంగుకు తిరిగి, చెంచాతో గీస్తే లోపల ఇంకా ఆకుపచ్చగా ఉండాలి. చిటికెడు ముద్ద అరచేతిలో పది నిమిషాలు పెట్టి తుడిస్తే నారింజ మరక మిగలాలి. మరక లేకపోతే ఇంకాసేపు నాననివ్వండి. రాత్రంతా నానినా మరక రాలేదంటే పొడి పాతబడిందన్నమాట. అప్పుడు మాత్రం కొత్తది కొనాల్సిందే. రాజస్థాన్‌లోని సోజత్ హెన్నాకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యాకెట్ మీద ఆ ఊరి పేరు ఉన్నా తయారీ తేదీ చూసే తీసుకోండి.

రెండో కారణం నూనె. నూనె రాసిన తలకు హెన్నా పట్టదు. ముందురోజు తలంటుకుని, ఆరిన జుట్టుకే పెట్టాలి. మూడోది పెరుగు, గుడ్డు. జుట్టు మెత్తబడుతుందని వీటిని ముద్దలో కలుపుతుంటారు. లాసోన్ ప్రొటీన్‌ని పట్టుకునే రంగు కాబట్టి, మీ జుట్టు దాకా రాకముందే కొంత పెరుగులోనే ఖర్చయిపోతుంది. మెత్తదనం కావాలంటే అవి వేరే రోజు పెట్టుకోండి.

కడిగేటప్పుడు వట్టి నీళ్లతోనే కడగాలి. ఆ రోజు షాంపూ వద్దు. రంగు గాలికి ముదురుతుంది, రెండు రోజులకు గాని అసలు రంగు తేలదు. కడగ్గానే అద్దంలో చూసి టెన్షన్ పడకండి.

తెల్లవెంట్రుకలు నారింజ రంగుకు తిరిగాయి

ఇది తప్పు కాదు, హెన్నా స్వభావమే అది. నల్లజుట్టు మీద ఎర్రని మెరుపుగా కనిపించే రంగే తెల్లవెంట్రుక మీద నారింజగా కనిపిస్తుంది. నలుపు కావాలంటే హెన్నా కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి. దీన్ని హెన్నాలా నానబెట్టకూడదు, నిమ్మరసం అసలు కలపకూడదు. గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కలిపి, పది పదిహేను నిమిషాల్లో తలకు పట్టించి, గంటన్నర ఉంచండి. మొదట కాస్త పచ్చగా కనిపించి మర్నాటికి నల్లబడుతుంది.

"గంటలో నల్లరంగు ఇచ్చే హెన్నా" అని రాసి ఉంటే జాగ్రత్త. ఆకు ఒక్కటే నలుపు ఇవ్వదు. అలాంటి వాటిలో తరచుగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి దురద, వాపు, బొబ్బలు వస్తాయి, ఒకసారి పడకపోతే ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. ఏ ప్యాకెట్ అయినా ముందు మోచేతి మడతలో కాస్త రాసి 48 గంటలు చూడండి. మంట మొదలైతే వెంటనే నీళ్లతో కడిగేసి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయొద్దు. ముఖం, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రికే. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చిట్లిపోయేలా చేసే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పసిపిల్లలకు, అసలైన గోరింటాకు కూడా ప్రమాదమే.

కుంకుడుకాయతో తలంటుకుంటే జుట్టు గడ్డిలా అయింది

మీ బాత్రూమ్ బకెట్ అంచు చూడండి. తెల్లగా గార కట్టి ఉంటే దోషం కుంకుడుకాయది కాదు, బోరు నీళ్లది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టు మీద కూడా పేరుకుంటాయి. చివరి రెండు మగ్గులు మాత్రం తాగే క్యాన్ నీళ్లు పోసుకోండి. లేదా లీటరు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి, అది పోశాక మామూలు నీళ్లతో ఒకసారి కడిగేయండి.

బకెట్ శుభ్రంగా ఉంటే మీ రసం మరీ చిక్కగా ఉందని అర్థం. గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పల్చని బట్టలో వడకట్టి, సమానంగా నీళ్లు కలపండి. వడకట్టకపోతే తొక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి. కళ్లలో పడితే బాగా మండుతుంది, చన్నీళ్లతో కడుగుతూ ఉండండి. బేకింగ్ సోడా కలిపే చిట్కా మానేయండి, క్షారం వల్ల జుట్టు ఇంకా గరుకవుతుంది.

గుడ్డు పట్టించినవాళ్లు చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే అది తలమీదే ఉడికిపోతుంది.

రాత్రంతా చుట్టి పడుకున్నా పొద్దున కర్ల్స్ నిలవలేదు

పాత కాటన్ చున్నీకి జుట్టు చుట్టుకుని పడుకుంటే మెషిన్ లేకుండానే కర్ల్స్ వస్తాయి, పైసా ఖర్చు లేదు. తడిసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కలుస్తాయి. కిటుకంతా ఇక్కడే ఉంది. తల తుడుచుకున్న వెంటనే చుడితే పొద్దుటికి పైన ఆరుతుంది, లోపల తడి ఉంటుంది, విప్పగానే సాగిపోతుంది. పూర్తిగా ఆరాక చుడితే బంధాలు మారవు. చేతికి తడి అంటకూడదు, తాకితే చల్లగా మాత్రం తగలాలి. అప్పుడు చుట్టండి. పొద్దున ఒక పాయ మాత్రం విప్పి చూడండి. లోపల చల్లగా ఉంటే ఫ్యాన్ కింద ఇంకాసేపు కూర్చోండి.

విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. గాలిలోని తేమే ఆ బంధాలను వదులు చేస్తుంది, మండపానికి చేరేలోపే జుట్టు ఉబ్బిపోతుంది. అక్కడ అవిసె గింజల జెల్ పనికొస్తుంది. పావు కప్పు గింజలు రెండు కప్పుల నీళ్లలో వేసి, అడుగంటకుండా కలుపుతూ సన్నని మంట మీద మరిగించండి. ఏడెనిమిది నిమిషాలకు నురగ తెల్లగా లేస్తుంది. గరిటె పైకెత్తితే గుడ్డు తెల్లసొనలా తీగలుగా జారుతుంది. సరిగ్గా అప్పుడే దించి, వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే గింజలను వదలదు. వడకట్టలేకపోతే మరో అరకప్పు నీళ్లు పోసి మళ్లీ వేడి చేయండి, అంతా బాగైపోతుంది.

జెల్ రాశాక తెల్లపొట్టులా రాలుతోందంటే ఎక్కువ రాశారనో, ఆరిన జుట్టుకు రాశారనో అర్థం. చుట్టే ముందు, చెమ్మ ఉన్నప్పుడే, పాయకు వేలెడు చాలు. గట్టిపడిన జుట్టును రెండు చుక్కల కొబ్బరినూనె రాసిన అరచేతులతో నలిపితే మెత్తబడుతుంది. దువ్వెన పెట్టొద్దు. జెల్ ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పుల్లవాసన వస్తే పారేయండి.

చుండ్రు తగ్గాలని నూనె పెడితే ఇంకా ఎక్కువైంది

చుండ్రుకు కారణమైన ఫంగస్‌కి నూనెలే ఆహారం. తగ్గేదాకా నూనె ఆపి, మందుల షాపులో కెటోకొనజోల్ 2 శాతం షాంపూ తెచ్చుకుని వారానికి రెండుసార్లు వాడండి. నురగ ఐదు నిమిషాలు తలమీద ఉంచితేనే పనిచేస్తుంది. నెలకూ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

సవరం జారిపోతోంది, పూలజడ పక్కకు లాగేస్తోంది

అదే రోజు తలంటుకున్న జుట్టు పట్టుకు నిలవదు. ఫంక్షన్‌కి ముందురోజే తలస్నానం చేయండి. సొంత జుట్టుతో రెండు అల్లికలు వేశాక, మూడో అల్లికలో సవరం ముడిని లోపలికి పెట్టి అల్లుతూ పొండి. ముడి మీద రెండు పక్కపిన్నులు అడ్డంగా, ఒకదానిమీద ఒకటి దాటేలా గుచ్చండి. పక్కపిన్నులో వంకర్లున్న వైపు తలకు ఆనాలి. చాలామంది తిప్పి పెట్టుకుని, పిన్ను నిలవట్లేదని గట్టిగా లాగుతారు.

పూలజడను పిన్నులతో నిలబెట్టాలని చూడొద్దు. వెనక జడకు పైనుంచి కింది దాకా సూది దారంతో నాలుగైదు చోట్ల కుట్టేయండి, బరువు జడంతా పంచుకుంటుంది. కణతల దగ్గర నొప్పి, చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే జడ బిగువెక్కువైందని గుర్తు. ఫొటోలు అయిపోగానే విప్పేసి, తర్వాత కొన్నాళ్లు వదులు జడే వేయండి. రోజూ అలా బిగిస్తే కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతుంది, ముదిరాక మళ్లీ మొలవకపోవచ్చు. చిన్నపిల్లలకు జడగంటలు, సవరం రెండూ ఒకేసారి కట్టకండి, ఏదో ఒకటి చాలు.